ఎవరు చూడాలి, ఎవరు దిద్దాలి: చిన్న ఆఫీసు నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి

కడపలో ఆరేడు కంప్యూటర్లున్న ఆఫీసును ఒకదాన్ని తీసుకోండి. ఆడిటర్ ఆఫీసు కావచ్చు, నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ లెక్కల గది కావచ్చు, పసుపు కొనే కమీషన్ వ్యాపారిది కావచ్చు. చాలా చోట్ల ఏర్పాటు ఒకటే. ఒక కంప్యూటర్‌లో ఒక ఫోల్డరు, దానికి 'ఎవ్రీవన్', 'ఫుల్ కంట్రోల్' (అందరికీ అన్ని హక్కులూ), పైగా పాస్‌వర్డ్ అడగకుండా తీసేసిన రక్షణ. పెట్టిన రోజు అందరికీ హాయిగానే ఉంటుంది. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీ గడువు 20వ తేదీ దగ్గర పడ్డాక ఎవరో ఒక క్లయింటు ఫోల్డరును పొరపాటున ఇంకో ఫోల్డరులోకి లాగేస్తారు, మధ్యాహ్నం దాకా అందరూ దాన్నే వెతుకుతారు. ఎవరు లాగారో చెప్పే ఆధారం మాత్రం ఎక్కడా దొరకదు.

దీనికి సర్వర్ కొనక్కర్లేదు. విండోస్ 10 లేదా 11 ప్రో ఉన్న ఒక కంప్యూటర్, రెండు మూడు గంటల ఓపిక చాలు. మామూలు విండోస్‌కు లైసెన్సు ప్రకారం ఒకేసారి 20 పరికరాల వరకే అనుసంధానం. చిన్న ఆఫీసుకు అది ఎక్కువే. అయితే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకే ఫైళ్లు దాచే యంత్రం వరకైనా 11 ఉండటం మంచిది. హోమ్ ఎడిషన్‌లో గ్రూపులు తయారుచేసే తెర ఉండదు. దానితో కుస్తీ పట్టేకంటే ప్రో కొనడమే చవక.

ఉదాహరణకు ఒక ఆడిటర్ ఆఫీసును అనుకుందాం. ప్రొద్దుటూరు బంగారు దుకాణాలవాళ్లు, ఎర్రగుంట్ల వైపు బండల యూనిట్లవాళ్లు క్లయింట్లు. ఆఫీసులో ఆడిటర్, ఇద్దరు అకౌంటెంట్లు, ఇద్దరు ఆర్టికల్ విద్యార్థులు (సీఏ శిక్షణలో ఉన్నవారు), ముందు గదిలో ఒకరు ఉన్నారు.

కంప్యూటర్ ముట్టుకునే ముందు ఒక కాగితం

ఈ పనిలో కష్టమంతా కాగితం మీదే ఉంటుంది, మౌసుతో చేసేది తక్కువ. ఫోల్డర్లను క్లయింట్ల పేర్లను బట్టి విడగొట్టవద్దు. ఎవరు ఏ పని చేస్తారన్న దాన్ని బట్టి విడగొట్టండి. మన ఉదాహరణకు నాలుగు చాలు:

- క్లయింట్లు: నడుస్తున్న పని అంతా ఇక్కడే. అకౌంటెంట్లు, ఆర్టికల్ విద్యార్థులు మార్చవచ్చు. ముందు గదివారు చూడవచ్చు.
- నమూనాలు: ఖాళీ ఫారాలు, ఎక్సెల్ నమూనా షీట్లు, ఉత్తరాల ముసాయిదాలు. అందరూ చూస్తారు, ఒక్క అకౌంటెంటే మారుస్తారు.
- ఫైనల్: సంతకమైన రిపోర్టులు, దాఖలైన రిటర్నుల నకళ్లు. అందరూ చూస్తారు, ఆడిటర్, అకౌంటెంట్లు మాత్రమే పెడతారు.
- సొంతం: జీతాలు, ఫీజు లెక్కలు. ఆడిటర్‌కు తప్ప ఎవరికీ తలుపు తీయదు.

నమూనాలకు వేరే ఫోల్డరు ఎందుకని చాలామంది అడుగుతారు. ఖాళీ నమూనాను తెరిచి, అందులోనే ఒక దుకాణం అంకెలు నింపి, అదే పేరుతో సేవ్ చేసే అలవాటు ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. చూసే హక్కు మాత్రమే ఇస్తే విండోసే అడ్డుపడి, వేరే చోట సేవ్ చేసుకోమంటుంది. ఎవరినీ మందలించాల్సిన పని లేదు.

నాలుగు అంతస్తుల లోతున ఫోల్డరు లోపల ఫోల్డరుకు వేర్వేరు అనుమతులు పెట్టాలన్న సరదా కలిగితే అణచుకోండి. ఏడాది తిరిగాక అవి ఎందుకు పెట్టారో పెట్టినవారికే గుర్తుండదు.

యంత్రాన్ని సిద్ధం చేయడం

ఫైళ్లుండే కంప్యూటర్ పగలంతా వెలుగుతూ ఉండాలి. పవర్ సెట్టింగులలో 'స్లీప్' తీసేయండి. దానికి యూపీఎస్ ఉండాలి. రౌటర్‌కు, స్విచ్‌కు కూడా ఉండాలి, ఈ సంగతే చాలామంది మరిచిపోతారు. కరెంటు పోయి రౌటర్ ఒక్కటి ఆగినా తెరిచి ఉన్న ఫైళ్లతో తంటా మొదలైనట్టే. ఈ యంత్రానికి వైఫై వద్దు, కేబులే వేయండి. రౌటర్‌లో దీనికి 192.168.1.10 లాంటి ఒక చిరునామాను శాశ్వతంగా కేటాయించండి. మీ రౌటర్ వరుస వేరైతే దానికి తగ్గది ఎంచుకోండి.

తర్వాత సెట్టింగుల్లో నెట్‌వర్క్ రకం 'ప్రైవేట్' అని ఉందో లేదో చూడండి. 'పబ్లిక్' అని ఉంటే ఫైర్‌వాల్ పంపకాన్ని అడ్డుకుంటుంది. అధునాతన పంపకం సెట్టింగులలో 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' ఆన్ చేయండి. 'పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్' కూడా ఆన్‌లోనే ఉంచండి. కనెక్ట్ కావడం లేదనగానే మొదట దీన్ని ఆఫ్ చేసే మెకానిక్‌లు ఉన్నారు. అలా చేస్తే వచ్చినవారు ఎవరో విండోస్‌కు తెలియదు. తెలియనప్పుడు ఒకరికి చూపు, ఇంకొకరికి మార్పు అని తేడా పెట్టడం ఎలా? అలాగే పాత ప్రింటరో స్కానరో పనిచేయడం లేదని ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ 1 అనే పాత పద్ధతిని మళ్లీ ఆన్ చేయించే సలహాను వినవద్దు. 2017 మేలో వనాక్రై అనే వసూలు వైరస్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది) కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకింది ఆ పద్ధతిలోని లోపం గుండానే. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి.

ఖాతాలు, గ్రూపులు

ఫైళ్ల యంత్రంలో 'కంప్యూటర్ మేనేజ్‌మెంట్' తెరిచి, 'లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్'లో ప్రతి మనిషికీ ఒక ఖాతా పెట్టండి. 'ఆఫీస్' అని ఒకే ఖాతా పెట్టి ఆరుగురికీ పంచితే ఈ శ్రమంతా వృథా. పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉంటే తర్వాత చిక్కులు తక్కువ. ఎవరికీ అడ్మినిస్ట్రేటర్ హోదా ఇవ్వవద్దు. రోజువారీ పనికి ఆడిటర్‌కు కూడా మామూలు ఖాతాయే చాలు.

పాస్‌వర్డ్ ఖాళీగా ఉంచిన ఖాతాతో నెట్‌వర్క్ గుండా లోపలికి రానివ్వకపోవడం విండోస్ సహజ లక్షణం. 'అన్నీ సరిగానే పెట్టాను, రానివ్వడం లేదు' అనే ఫిర్యాదుల్లో మొదట చూడవలసింది ఇదే. రెండోది పిన్. కంప్యూటర్ తెరవడానికి కొట్టే నాలుగంకెల పిన్ ఆ యంత్రానికే పరిమితం, నెట్‌వర్క్ అడిగినప్పుడు ఖాతా పాస్‌వర్డే ఇవ్వాలి. ఉద్యోగి కూర్చునే కంప్యూటర్‌లోనూ అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో ఖాతా ఉంటే విండోస్ మళ్లీ అడగదు. అక్కడ మైక్రోసాఫ్ట్ ఖాతా వాడుతుంటే, 'క్రెడెన్షియల్ మేనేజర్'లో ఫైళ్ల యంత్రం పేరు, దానిలోని ఖాతా, పాస్‌వర్డ్ ఒకసారి నింపితే సరిపోతుంది.

ఇప్పుడు గ్రూపులు. 'లెక్కలు', 'శిక్షణ', 'ముందుగది', 'యజమాని' అని నాలుగు గ్రూపులు, వాటన్నిటిలోని సభ్యులూ ఉండే 'సిబ్బంది' అనే ఐదోది చేయండి. నమూనాలు మార్చే అకౌంటెంటు కోసం 'నమూనాకర్త' అని ఇంకొకటి పెట్టండి, అందులో ప్రస్తుతం ఒక్కరే ఉన్నా సరే. రేపు ఆ పని ఇంకొకరికి అప్పగిస్తే ఫోల్డర్ల జోలికి వెళ్లకుండా గ్రూపులో పేరు మారిస్తే చాలు. ఫోల్డరు మీద ఎక్కడా మనిషి పేరు కనిపించకూడదు.

రెండు తలుపులు

నెట్‌వర్క్ నుంచి వచ్చేవారికి రెండు చోట్ల తనిఖీ జరుగుతుంది. షేర్ అనుమతి వీధి గేటు, ఫోల్డరు 'సెక్యూరిటీ' ట్యాబ్‌లోని అనుమతి గది తలుపు. రెండింటిలో ఏది గట్టిగా ఉంటే అదే చెల్లుతుంది. గేటు దగ్గర చూసే హక్కు మాత్రమే ఇస్తే, గదిలో ఎంత స్వేచ్ఛ ఇచ్చినా ఫైలు సేవ్ కాదు. రెండు చోట్లా సన్నని తేడాలు పెట్టబోతే మనకే తల తిరుగుతుంది. కనుక గేటు దగ్గర ఆఫీసువాళ్లందరికీ మార్చే హక్కు ఇచ్చి, అసలు తేడాలన్నీ గది తలుపు దగ్గరే పెట్టాలి.

ఫోల్డరును డెస్క్‌టాప్ మీద పెట్టవద్దు. డీ డ్రైవులో 'ఆడిట్' అని కొత్తది తెరిచి, దాని లోపల ఆ నాలుగు ఫోల్డర్లు పెట్టండి. డ్రైవు ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉండాలి. పెన్‌డ్రైవుల్లో ఉండే ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్32 పద్ధతులకు అనుమతులు అనేవే తెలియవు.

గేటు ఇలా: 'ఆడిట్' మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, 'షేరింగ్', 'అడ్వాన్స్‌డ్ షేరింగ్'. టిక్ పెట్టి 'పర్మిషన్స్' నొక్కండి. 'ఎవ్రీవన్'ను తీసేసి 'సిబ్బంది'ని చేర్చి 'చేంజ్', 'రీడ్' రెండూ ఇవ్వండి. 'ఫుల్ కంట్రోల్' ఎవరికీ వద్దు, అది అనుమతులనే మార్చే హక్కు. షేరు పేరు చివర $ గుర్తు పెడితే నెట్‌వర్క్‌లో వెతికేవారికి అది కనిపించదు. కనిపించకపోవడం వేరు, తెరుచుకోకపోవడం వేరు. దాన్ని రక్షణ అనుకోవద్దు.

ఇక గది తలుపు. 'ఆడిట్' ప్రాపర్టీస్‌లో 'సెక్యూరిటీ', అక్కడ 'అడ్వాన్స్‌డ్'. 'డిజేబుల్ ఇన్‌హెరిటెన్స్' (పై ఫోల్డరు అనుమతులు వారసత్వంగా రాకుండా ఆపేది) నొక్కితే రెండు దారులు చూపిస్తుంది. ఉన్న అనుమతులను ఈ ఫోల్డరు సొంత అనుమతులుగా మార్చే ('కన్వర్ట్') దారినే ఎంచుకోండి. రెండోది నొక్కితే అన్నీ ఒక్కసారిగా పోయి మీరే లోపలికి రాలేకపోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత జాబితాలోని 'అథెంటికేటెడ్ యూజర్స్', 'యూజర్స్' అనే రెండింటినీ తీసేయండి. సీ కాని డ్రైవుల్లో విండోస్ తనంతట తానే 'అథెంటికేటెడ్ యూజర్స్'కు మార్చే హక్కు ఇస్తుంది. దీన్ని వదిలేస్తే మీరు చేర్చే గ్రూపులకు అర్థమే ఉండదు. 'సిస్టమ్', 'అడ్మినిస్ట్రేటర్స్' మాత్రం ఉండాలి. తర్వాత 'సిబ్బంది'ని చేర్చి, 'దిస్ ఫోల్డర్ ఓన్లీ' అని ఎంచి, చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. దీంతో పైమెట్టులో ఎవరూ కొత్త ఫోల్డర్లు పెట్టలేరు. 'కొత్త ఫోల్డరు', 'కొత్త ఫోల్డరు 2', 'తాజా' లాంటివి ఇక పుట్టవు.

లోపలి నాలుగింటికీ కాగితం మీద రాసిన ప్రకారం గ్రూపులు చేర్చండి. చూసేవారికి 'రీడ్ అండ్ ఎగ్జిక్యూట్', మార్చేవారికి 'మోడిఫై'. 'సొంతం'లో 'యజమాని' గ్రూపును విడిగా చేర్చడం మరవకండి. ఒకవేళ ఆడిటర్ ఖాతాకు అడ్మినిస్ట్రేటర్ హోదా ఇచ్చి ఉన్నా, అదే చాలనుకుని వదిలేస్తే పనిచేయకపోవచ్చు. డొమైన్ (ఖాతాలన్నిటినీ ఒకే సర్వర్ నడిపే ఏర్పాటు) లేని చిన్న నెట్‌వర్క్‌లో దూరం నుంచి వచ్చే స్థానిక ఖాతాకు ఆ హోదాను విండోస్ పక్కన పెట్టేస్తుంది.

'రైట్' (రాయడం) చాలదు, 'మోడిఫై' కావాలి

'మార్చుకోనివ్వాలి కానీ చెరపనివ్వకూడదు' అని ప్రతి యజమానీ అడుగుతారు. 'మోడిఫై' తీసేసి 'రైట్' మాత్రం ఇస్తే సరిపోతుందనిపిస్తుంది. చేసి చూడండి, ఎక్సెల్ సేవ్ కాదు, వింత పేర్లతో తాత్కాలిక ఫైళ్లు పోగవుతాయి. ఎక్సెల్ ఉన్న ఫైలులోనే దిద్దదు. అదే ఫోల్డరులో కొత్త ఫైలు ఒకటి రాసి, పాతదాన్ని చెరిపి, కొత్తదానికి పాత పేరు పెడుతుంది. కనుక చెరిపే హక్కు లేనిదే సేవ్ చేయలేదు. ఒక్కో ఫైలుకు విడిగా పెట్టిన అనుమతులు ఇలాంటి సేవ్‌లలో నిలుస్తాయన్న భరోసా లేకపోవడానికీ ఇదే కారణం. అనుమతి ఎప్పుడూ ఫోల్డరుకే ఇవ్వాలి.

చెరపకుండా పూర్తిగా ఆపలేం కానీ, ఫోల్డరు మొత్తం ఎగిరిపోకుండా ఆపగలం. 'క్లయింట్లు' ఫోల్డరులో ఒక గ్రూపుకు ఒకే వరుస కాకుండా రెండు వరుసలు పెట్టండి. మొదటిది 'సబ్‌ఫోల్డర్స్ అండ్ ఫైల్స్ ఓన్లీ' అని ఎంచి 'మోడిఫై'. రెండోది 'దిస్ ఫోల్డర్ ఓన్లీ' అని ఎంచి, 'షో అడ్వాన్స్‌డ్ పర్మిషన్స్' తెరిచి, చదవడం, ఫైళ్లు సృష్టించడం, ఫోల్డర్లు సృష్టించడం వరకే టిక్ పెట్టి 'డిలీట్' ఖాళీగా వదిలేయండి. ఇక 'క్లయింట్లు' ఫోల్డరు పేరు మార్చలేరు, దాన్ని లాగేయలేరు. లోపల పని మామూలుగా సాగుతుంది. ప్రొద్దుటూరు క్లయింట్ల ఫోల్డరునూ ఇలాగే కదలకుండా చేయాలంటే దానిలో వారసత్వం ఆపి ఇవే రెండు వరుసలు వేయాలి. ముఖ్యమైన ఒకటి రెండింటికి ఇది చేయవచ్చు, అన్నిటికీ మొదలుపెడితే నిర్వహణ మీ నెత్తినే పడుతుంది.

'డినై' అనే గడి జోలికి వెళ్లవద్దు. ఒక మనిషి రెండు గ్రూపుల్లో ఉంటే హక్కులు కలుస్తాయి, కానీ ఒకదానిలో నిషేధం ఉంటే సాధారణంగా అదే గెలుస్తుంది. హక్కు ఇవ్వకపోతే చాలు, నిషేధించనక్కర్లేదు. ఎవరికి ఏమి దక్కిందో తెలియాలంటే 'అడ్వాన్స్‌డ్'లోని 'ఎఫెక్టివ్ యాక్సెస్' ట్యాబ్‌లో పేరు ఇచ్చి చూడండి. ఆ తర్వాత కూడా ఆ మనిషి కుర్చీలోంచి ఒక ఫైలు తెరిచి, సేవ్ చేసి, ఒకటి చెరిపి చూడందే నమ్మవద్దు. గ్రూపులో చేర్చినా పాత హక్కులే కనిపిస్తుంటే, వారిని లాగాఫ్ చేసి మళ్లీ రమ్మనండి.

ఇంకో చిక్కు ఉంది. అదే డ్రైవులో ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకు కట్ చేసి పేస్ట్ చేస్తే పాత అనుమతులు వెంట రావచ్చు. కాపీ చేస్తే కొత్త ఫోల్డరువి వస్తాయి. 'ఫైనల్'లో పెట్టిన ఒక రిపోర్టు అందరికీ కనిపిస్తూ ఒక్కరికే తెరుచుకోకపోతే ఇదే కారణమేమో చూడండి.

ఉద్యోగి కంప్యూటర్‌లో

'మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్' నొక్కి, ఒక అక్షరం ఎంచి, \\192.168.1.10\ఆడిట్ అని, షేరు పేరును మీరు పెట్టిన ఇంగ్లిషు స్పెల్లింగుతో కొట్టండి. 'రీకనెక్ట్ ఎట్ సైన్-ఇన్' టిక్ ఉంచండి. అందరికీ ఒకే అక్షరం ఉంటే 'ఎస్ డ్రైవులో చూడు' అని ఫోనులో చెప్పడానికి వీలుంటుంది. క్రెడెన్షియల్ మేనేజర్‌లో యంత్రం పేరుతో నింపి ఉంటే ఇక్కడా పేరే వాడాలి. ఒక చోట అంకెలు, ఇంకో చోట పేరు వాడితే విండోస్ వాటిని వేర్వేరు యంత్రాలుగా లెక్కిస్తుంది.

ఒకే లాగిన్ నుంచి ఒకే యంత్రానికి ఇద్దరి పేర్లతో వెళ్లడం విండోస్ ఒప్పుకోదు. ఒక కంప్యూటర్‌ను ఇద్దరు ఆర్టికల్ విద్యార్థులు పంచుకుంటుంటే ఇద్దరికీ వేరు వేరు విండోస్ లాగిన్లు తప్పవు.

మన ఊళ్లలో ప్రత్యేకంగా వచ్చేది ఫాంట్ల గొడవ. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఉత్తరాలు, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. అది అనుమతుల లోపం కాదు. కొత్త ఉత్తరాలైనా యూనికోడ్‌లో టైపు చేయించండి.

ఇద్దరు ఒకేసారి తెరిస్తే

మొదట తెరిచినవారికి మార్చే అవకాశం, రెండోవారికి 'రీడ్ ఓన్లీ' అనే సందేశం వస్తుంది. తెరిచినప్పుడు ఎక్సెల్, వర్డ్ అదే ఫోల్డరులో ~$ గుర్తుతో మొదలయ్యే చిన్న దాపుడు ఫైలు పెడతాయి. ఎవరి చేతిలో ఉందో చెప్పేది అదే. కరెంటు పోయి కంప్యూటర్ హఠాత్తుగా ఆగితే ఆ చిన్న ఫైలు అక్కడే ఉండిపోతుంది. ఎవరూ తెరవకపోయినా ఎవరో తెరిచారని చెబుతూ ఉంటుంది. అప్పుడు ఫైళ్ల యంత్రంలో 'కంప్యూటర్ మేనేజ్‌మెంట్'లోని 'షేర్డ్ ఫోల్డర్స్', 'ఓపెన్ ఫైల్స్' చూడండి. అక్కడ వేలాడుతున్న పేరును మూసి, ~$ ఫైలు మిగిలి ఉంటే చెరిపేయండి. ముందు ఆ మనిషిని అడిగి, నిజంగా పనిచేయడం లేదని తెలుసుకున్నాకే మూయాలి.

ఇద్దరు నిజంగానే ఒకే షీటులో ఒకేసారి రాయాల్సి వస్తే ఈ ఫోల్డరు పద్ధతి సరిపడదు. అలాంటి ఒకటి రెండు ఫైళ్లను వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో పెట్టండి. గూగుల్‌లో చూసేవారు, వ్యాఖ్యలు రాసేవారు, దిద్దేవారు అని మూడు హోదాలు ఉంటాయి. 'లింకు ఉన్న ఎవరైనా' అనే దారిని మూసి, ఈమెయిల్ పేర్లతోనే ఇవ్వండి. దిద్దేవారు మరొకరిని చేర్చకుండా పంపకం సెట్టింగులలో టిక్ తీయవచ్చు. ఎవరు ఏమి మార్చారో వెర్షన్ చరిత్రలో కనిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో అది మన ఫోల్డరు కంటే మెరుగు. అయినా బంగారు దుకాణాల పాన్, ఆధార్ నకళ్లున్న ఫైళ్లను ఆ లింకుల్లో తిప్పడం నాకు నచ్చదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అలాంటి సమాచారాన్ని తగిన జాగ్రత్తతో కాపాడే బాధ్యతను దాన్ని వాడే సంస్థపైనే పెట్టింది.

ఎక్సెల్‌లోని 'ప్రొటెక్ట్ షీట్' గురించి రెండు మాటలు. సూత్రాలున్న గడులు పొరపాటున చెడకుండా అది బాగా పనికొస్తుంది. అంకెలు నింపే గడుల 'లాక్డ్' టిక్ తీసి, తర్వాత షీటును రక్షించాలి. కానీ అది తాళం కాదు, తెలిసినవారు సులువుగా తీసేస్తారు. జీతాల షీటును దాచాలంటే ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ పెట్టాలి, లేదా 'సొంతం' ఫోల్డరులో ఉంచాలి.

చెరిగినవి, వెళ్లిపోయినవారు

నెట్‌వర్క్ గుండా చెరిపిన ఫైలు రీసైకిల్ బిన్‌కు వెళ్లదు. ఈ సంగతి చాలామందికి చెరిపాకే తెలుస్తుంది. అందుకే ఫైళ్ల యంత్రంలో 'సిస్టమ్ ప్రొటెక్షన్'ను డీ డ్రైవుకూ ఆన్ చేయండి. పునరుద్ధరణ గుర్తు పడిన ప్రతిసారీ ఫోల్డరు పాత రూపం 'ప్రీవియస్ వెర్షన్స్'లో మిగులుతుంది. అది మాత్రమే నమ్ముకోవద్దు. రెండు బయటి డిస్కులు కొని, వారం మార్చి వారం ఒకదానికి నకలు తీయండి. నకలు కాగానే తీగ ఊడదీయాలి. తగిలించి ఉన్న డిస్కును వసూలు వైరస్ మిగతా ఫైళ్లతో పాటే తాళం వేసేస్తుంది.

ఆర్టికల్ శిక్షణ ముగిసి ఒకరు వెళ్లిపోయిన రోజే వారి ఖాతాను 'డిజేబుల్' చేయండి. వెంటనే చెరపవద్దు. చెరిపి, అదే పేరుతో మళ్లీ సృష్టించినా విండోస్ లెక్కలో అది వేరే మనిషి, పాత హక్కులు రావు. ఫైళ్ల యజమాని పేరు ఉండవలసిన చోట అర్థం కాని అంకెల వరుస మిగులుతుంది. కొత్తగా చేరినవారికి వెళ్లినవారి ఖాతా పాస్‌వర్డ్ ఇచ్చే అలవాటు ఉంటే మానుకోండి. కొత్త ఖాతా తెరిచి 'శిక్షణ', 'సిబ్బంది' గ్రూపుల్లో చేర్చడానికి ఐదు నిమిషాలు పట్టదు.